ఇన్‌గేటు దాటితే సరిపోదు

మన హాస్టలు వార్షికోత్సవ సంచికలో ఏటా పదో తరగతి ఫలితాలు, ఆటల పోటీల విజేతలు, ఉద్యోగాలు వచ్చిన అన్నల వివరాలు అచ్చు వేసుకుంటున్నాం. ఈసారి వాటితోపాటు ఇంకో సంగతి కూడా మాట్లాడుకోవాలని మేము అనుకున్నాం. అది విశ్వవిద్యాలయం సంగతి. టెన్త్ చదువుతున్న తమ్ముడికి ఇది చాలా దూరపు విషయంగా కనిపించవచ్చు. కానీ ఎలమంచిలి స్టేషన్‌లో రైలెక్కితే విశాఖపట్నం సుమారు 60 కిలోమీటర్లు. మన ప్రాంతంలోని డిగ్రీ కళాశాలలకు పరీక్షలు పెట్టేదీ, పట్టాలిచ్చేదీ ఆంధ్ర విశ్వవిద్యాలయమే. ఈ హాస్టల్లో పడుకున్న ప్రతి విద్యార్థీ ఏదో ఒకనాడు ఆ పేరున్న కాగితం మీద సంతకం పెట్టవలసినవాడే. కనుక ఆ విశ్వవిద్యాలయం ఎలా ఉండాలో అడిగే హక్కు ఆచార్యులకూ అధికారులకూ ఎంత ఉందో మనకూ అంతే ఉంది.

1926 ఏప్రిల్ 26న పుట్టిన ఆ సంస్థకు వందేళ్ల వయసు. శతాబ్ది వేడుకల్లో, పెద్దల ఉపన్యాసాల్లో మూడు మాటలు తరచూ వినిపిస్తున్నాయి. అందరినీ కలుపుకొని పోవడం, ప్రకృతిని కాపాడుకుంటూ సాగడం, చుట్టూ ఉన్న సమాజానికి మేలు చేయడం. మూడూ మంచి మాటలే. అయితే మాట మంచిదైనంత మాత్రాన పని జరిగినట్టు కాదని హాస్టల్లో పెరిగిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మెనూ చార్టు గోడ మీద ఉంటుంది, కంచంలో ఏముందో తినేవాడికి తెలుస్తుంది. ఆ మూడు మాటలనూ కంచం దగ్గర కూర్చుని చూద్దామన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

దగ్గరకు తెమ్మని అడిగితే వచ్చిన చదువు

ముందుగా చరిత్ర. 1926కు ముందు మన సర్కారు జిల్లాల కళాశాలలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేవి. పై చదువంటే మద్రాసు చదువే. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన కాలం నుంచి తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం, వేరే విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక బలపడింది. చివరకు 1926లో విశ్వవిద్యాలయం వచ్చింది. మొదట బెజవాడలో ఉండి, 1930లో వాల్తేరు కొండ మీదకు చేరింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలర్. ఆయన తర్వాత 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ బాధ్యత చూశారు. పేర్లు మనకు సామాన్య శాస్త్రం పుస్తకంలా కంఠస్థం. ఆ పేర్ల వెనుక ఉన్న సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. చదువు మాకు దూరంగా ఉంది, మా భాషకు అక్కడ చోటు లేదు, దాన్ని మా దగ్గరకు తీసుకురండి అని జనం అడగబట్టే ఆ సంస్థ పుట్టింది. అంటే కలుపుకుపోవడం అనేది దానికి కొత్తగా అతికించిన బిరుదు కాదు, అది పుట్టడానికి కారణమే అది.

అయితే ఆనాడు అడిగినవాళ్లకు దూరం అంటే మద్రాసు దూరం. మన తాతలకు మద్రాసు సంగతి అటుంచి, ఊళ్లో బడి అరుగు కూడా దూరమే. వాళ్లు అడగడానికి సభ లేదు, రాయడానికి పత్రిక లేదు. కనుక దగ్గరకు తెమ్మన్న ఆ కోరిక వాల్తేరు చేరిన రోజుతో తీరిపోలేదు. అది మాలపేట, మాదిగపేట, జాలరిపేట, గిరిజన గూడెం దాకా నడిచి రావలసి ఉంది. ఇంకా దారిలోనే ఉంది.

ఇంకో సంగతి కూడా మనవాళ్లు తెలుసుకోవాలి. విశ్వవిద్యాలయానికి తొలి రోజుల్లో పెద్ద ఆసరా జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ గారు. ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చారు. సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఆయన ఔదార్యాన్ని గౌరవిద్దాం. కానీ ఆ లక్ష ఎక్కడిది? జయపూర్ సంస్థానమంటే నేటి కొరాపుట్ కొండలు. అక్కడ పోడు కొట్టి, ధాన్యం పండించి శిస్తు కట్టినవాళ్లు గిరిజనులు, చిన్న రైతులు. వాళ్ల చెమట రాజుగారి ఖజానా మీదుగా వాల్తేరు మేడలైంది. అందుచేత ఆ ప్రాంగణంలో అడుగుపెట్టే గిరిజన విద్యార్థి ఎవరి దయ మీదా రావడం లేదు. వాళ్ల తాతలు ముందే చెల్లించిన బాకీ వసూలుకు వస్తున్నాడు. మన హాస్టళ్లలో ఉండే ప్రతి పిల్లా పిల్లవాడూ ఈ మాట తల ఎత్తుకుని చెప్పుకోవచ్చు.

ముందు పడక, తర్వాత పట్టా

అంబేద్కర్ గారు కళాశాలలు స్థాపించారని మనకు తెలుసు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల తెరిచారు. కానీ అంతకు 20 ఏళ్ల ముందే ఆయన ఏం చేశారో చాలామందికి గుర్తుండదు. 1924లో బహిష్కృత హితకారిణీ సభ స్థాపించి, 1925లో షోలాపూరులో విద్యార్థుల కోసం హాస్టలు తెరిచారు. ముందు హాస్టలు, ఎంతో కాలం తర్వాత కళాశాల. కొల్హాపూరులో సాహూ మహరాజ్ కూడా 1902లో ఉద్యోగాల్లో 50 శాతం రిజర్వేషన్లు ప్రకటించడంతో ఊరుకోలేదు. ఒక్కో కులం పిల్లలకూ ఉండటానికి వసతిగృహాలు కట్టించాడు. సీటు ఇచ్చి పడక ఇవ్వకపోతే సీటు ఖాళీగానే ఉంటుందని వాళ్లిద్దరికీ తెలుసు.

1944లో భారత ప్రభుత్వం షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలుపెట్టింది. అప్పుడు అంబేద్కర్ గారు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యులు. ఇప్పటికీ మన చదువులకు అదే వెన్నెముక. మన రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖను నడిపిన ఎస్.ఆర్. శంకరన్ గారి పేరు పాత వార్డెన్లు ఇప్పటికీ చేతులెత్తి చెబుతారు. ఆయన ఐ.ఎ.ఎస్. అధికారి, పెళ్లి చేసుకోలేదు, పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు, 2010లో కన్నుమూశారు. హాస్టలు అంటే అన్నం పెట్టే సత్రం అనుకునే రోజుల్లో, హాస్టలు అంటే హక్కు అని నమ్మిన మనిషి.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పామంటే, మనం అడగబోయేది ఒకే ఒక్క మాట. విశ్వవిద్యాలయం అందరినీ కలుపుకుపోతోందా లేదా అన్నది చేర్చుకున్న రోజున తేలదు, చదువు పూర్తి చేసుకుని బయటకు వచ్చిన రోజున తేలుతుంది. విశాఖపట్నం వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ సిటీబస్సు కండక్టర్లు 'ఏయూ ఇన్‌గేటు', 'ఏయూ అవుట్‌గేటు' అని రెండు స్టాపులు పిలుస్తారు. మన లెక్కా ఆ రెండు గేట్ల మధ్యనే ఉంది. ఇన్‌గేటులో ఎంతమంది వెళ్లారన్నది అందరూ లెక్కపెడతారు. అవుట్‌గేటులో పట్టాతో ఎంతమంది వచ్చారు, మధ్యలో ట్రంకు పెట్టె సర్దుకుని ఎంతమంది ఇంటికి వచ్చేశారు అన్నది ఎవరు లెక్కపెడుతున్నారు?

రెండు గేట్ల మధ్య ఏం జరుగుతుంది

ఇన్‌గేటు విషయంలో చట్టం మనకు తోడుంది. మన రాష్ట్రంలో సీట్లలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం, బీసీలకు 29 శాతం. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల వల్ల స్థానికులకు 85 శాతం. 2016 చట్టం వికలాంగులకు ఉన్నత విద్యలో 5 శాతానికి తగ్గకుండా ఇమ్మంది. ఈ తలుపు తెరిచి ఉండబట్టే కోనసీమ లంక గ్రామంలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీజీ, లా చదివి, 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయన. అదే విశ్వవిద్యాలయం మహాకవి జాషువా గారిని కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. ఇవి గర్వించవలసిన విషయాలు. కానీ వేదిక మీద ఒకరికి శాలువా కప్పడం సులువు, మెస్సులో వందమందికి వేళకు అన్నం పెట్టడం కష్టం. మేము రెండోదాని గురించే మాట్లాడుతున్నాం.

మా అన్నలు, అక్కలు రకరకాల కళాశాలలకు, విశ్వవిద్యాలయాలకు వెళ్లి వచ్చి చెప్పిన మాటలన్నీ పోగేస్తే నాలుగు గోడలు కనబడతాయి.

మొదటిది పడక గోడ. సీటు వస్తుంది, హాస్టల్లో గది రాదు. వచ్చేదాకా మిత్రుడి గదిలో నాన్‌బోర్డరుగా చాప వేసుకోవాలి. మగపిల్లలు ఎలాగో నెట్టుకొస్తారు. ఆడపిల్ల విషయంలో గది దొరకలేదంటే చదువు అక్కడితో ఆగిపోయినట్టే. అద్దె గదిలో పెట్టడానికి ఇంట్లో భయం, డబ్బూ ఉండదు. ఆ పిల్ల పేరు 'చేరలేదు' అన్న ఖాళీలో కలిసిపోతుంది. కులం, పేదరికం, ఆడపుట్టుక మూడూ కలిసి ఆమెను ఆపాయని ఏ రిజిస్టరులోనూ ఉండదు.

రెండోది డబ్బు గోడ. స్కాలర్‌షిప్పు వస్తుంది, వేళకు రాదు. మెస్సు బిల్లు మాత్రం నెల తిరిగేసరికి వస్తుంది. డివైడింగ్ పద్ధతిలో నడిచే మెస్సుల్లో ఒకడి బకాయి మిగతా పదిమంది మీద పడుతుంది, ఆ పదిమంది చూపు బకాయి పడ్డవాడి మీద పడుతుంది. ఆ చూపు తప్పించుకోవడానికి రాత్రి భోజనం మానేసినవాళ్లు మనలో ఉన్నారు. కేంద్రం 2020 డిసెంబరులో ఎస్సీల పోస్ట్ మెట్రిక్ పథకానికి ఐదేళ్లకు 59,048 కోట్లు అని నిర్ణయించి, 60 శాతం తాను, 40 శాతం రాష్ట్రాలు పెట్టుకోవాలంది. కోట్ల సంగతి బాగానే ఉంది. పిల్లవాడికి కావలసింది జూన్‌లో చేరితే జూలైలో చేతికొచ్చే డబ్బు. ఫీజు బకాయి ఉందని ఒక ప్రైవేటు కళాశాల సర్టిఫికెట్లు ఇవ్వకపోతే మాలో ఒకరు వచ్చిన ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. ప్రభుత్వానికీ కళాశాలకూ మధ్య ఉన్న బాకీకి విద్యార్థిని తాకట్టు పెట్టడం ఏ న్యాయం?

మూడోది భాష గోడ. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో సైన్సు బాగా చెప్పినవాడే పీజీ మొదటి సెమిస్టరులో నోరు మూసుకుని వెనక బెంచీ చేరతాడు. విషయం రాక కాదు, దాన్ని ఇంగ్లీషులో చెప్పే మాట రాక. తెలుగు అకాడమీ 1968లో పుట్టింది, డిగ్రీ దాకా తెలుగులో పుస్తకాలు అచ్చు వేసింది. ఆ పుస్తకాలు చదివి వచ్చినవాణ్ణి పీజీ తరగతి చేయి పట్టుకుని దాటించవద్దా? మొదటి ఆరు వారాలు వంతెన తరగతులు పెడితే, రెండు భాషల్లో పారిభాషిక పదాల చిన్న పుస్తకం చేతికిస్తే ఎంతమంది నిలబడతారు!

నాలుగోది పేరులేని గోడ. ఇంటిపేరు అడిగి, ఊళ్లో మీ ఇల్లు ఏ వైపు అని అడిగి, ర్యాంకు ఎంత అని అడిగి కులం తెలుసుకుంటారు. తెలుసుకున్నాక మాట మారుతుంది. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మన గుంటూరు జిల్లా బిడ్డ రోహిత్ వేముల చనిపోయిన రోజు మన హాస్టళ్లలో ఎన్ని కళ్లు తడిశాయో మనకు తెలుసు. అంతకు నాలుగేళ్ల ముందే, 2012లో, యూజీసీ నిబంధనలు తెచ్చింది. ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ సమాన అవకాశాల విభాగం ఉండాలని, వివక్షపై ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలని చెప్పింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు విద్యార్థుల ఆత్మహత్యలపై జాతీయ కార్యదళాన్నే వేయవలసి వచ్చింది. కాగితం ఉంది. కానీ ఆ అధికారి పేరేమిటి, ఏ గదిలో కూర్చుంటారు, ఫోను నంబరు ఎంత అని అడిగితే మొదటి సంవత్సరం విద్యార్థి చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ అధికారి ఉన్నా లేనట్టే.

దారి ఉంటుంది, వెతికితే

ఇదంతా జరిగే పని కాదని కొందరంటారు. జరిగిన పని ఒకటి చూపిస్తాం. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలైంది. మనం త్రిపుల్ ఐటీ అంటున్నది దాన్నే. నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో పల్లెటూరి పిల్లల్ని పదో తరగతి తర్వాతే తీసుకుని, ఆరేళ్లు అక్కడే ఉంచి చదువు చెప్పేలా దాన్ని కట్టారు. నివాసేతర ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు వాళ్ల వెనుకబాటును లెక్కలోకి తీసుకుని గ్రేడు పాయింట్లకు 0.4 కలిపారు. చదువు, పడక, అన్నం, కంప్యూటరు అన్నీ ఒకే ఆలోచనలో భాగంగా పెట్టారు. అక్కడా లోపాలున్నాయి, మెస్సు భోజనం గురించి పిల్లలు రోడ్డెక్కిన సందర్భాలూ ఉన్నాయి. కానీ సూత్రం సరైనది. బీదవాణ్ణి లోపలికి రానిచ్చి తర్వాత వాడి తంటాలు వాణ్ణి పడమనడం కాకుండా, బీదవాణ్ణి మనసులో పెట్టుకునే ఇల్లు కట్టడం అది.

ఇంకొందరు, విశ్వవిద్యాలయం పని చదువు చెప్పడం, పరిశోధన చేయడం గాని సంక్షేమం కాదు, అలా చేస్తే ప్రమాణాలు పడిపోతాయి అంటారు. వాళ్లను కొట్టిపారేయనక్కరలేదు, జవాబు చెబుదాం. ప్రమాణం అంటే మంచి ప్రశ్న వేయగలగడం. జాలరిపేటలో పెరిగినవాడు సముద్రం గురించి వేసే ప్రశ్న, పోడు వ్యవసాయం తెలిసినది అడవి గురించి వేసే ప్రశ్న పుస్తకంతోనే పెరిగినవాడికి తట్టదు. వాళ్లు మధ్యలో వెళ్లిపోతే నష్టపోయేది వాళ్లే కాదు, ఆ శాస్త్రం కూడా. ఇక డబ్బు లేదన్న మాట. అది నిజమే. ఆచార్యుల ఖాళీలున్నాయి, గ్రాంటు చాలదు. కానీ పైన చెప్పిన నాలుగు గోడల్లో మూడోదానికి, నాలుగోదానికి డబ్బు కంటే మనసే ఎక్కువ కావాలి. 2023లో న్యాక్ వారు ఏ ప్లస్ ప్లస్ గ్రేడు ఇచ్చిన సంస్థకు ఆ శక్తి లేదంటే మేము నమ్మం.

ఆవ నీళ్లు, అంకుడు కర్ర

రెండో మాట ప్రకృతి. ఈ మాట వినగానే మొక్క నాటి ఫొటో దిగడమే గుర్తొస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద పడ్డప్పుడు నగరంలోనూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ ఏళ్లనాటి చెట్లు కూలిపోయాయి. మళ్లీ నాటారు, సంతోషం. కానీ ప్రాంగణం పచ్చగా ఉంటే సరిపోదు, ప్రాంగణంలో పుట్టిన జ్ఞానం బయట పచ్చదనాన్ని కాపాడాలి.

మన ఇంటి పక్కనే ఉదాహరణలున్నాయి. అచ్యుతాపురం, మునగపాక మండలాల మధ్య కొండకర్ల ఆవ ఉంది. మంచినీటి సరస్సు, పక్షుల నెలవు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు చేపలు, సాగునీరు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి మన అన్నదమ్ములు అంకుడు కర్ర మీద లక్క పూసి, గింజలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీసిన రంగులు అద్ది బొమ్మలు చేస్తారు. చంటిపిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగులవి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో అక్కడి సి.వి. రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. ప్రకృతికి హాని లేకుండా బతకడం ఎలాగో మన ఊళ్లకు ఎవరో వచ్చి నేర్పనక్కరలేదు, మనవాళ్లకు తెలిసిన విద్యే అది. ఇప్పుడు కావలసింది అంకుడు చెట్టు తరిగిపోకుండా పెంచే పద్ధతి, ఆవలో గుర్రపుడెక్క, పూడిక పెరగకుండా చూసే పద్ధతి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం విభాగాల పిల్లలు థీసిస్సులు రాసి బైండు చేసి లైబ్రరీలో పెడతారు. అందులో తేలిన సంగతి రెండు పేజీల తెలుగులో రాసి ఆ పంచాయతీకి, ఆ ఊరి బడికి పంపితే ఎంత బాగుంటుంది! ఊరివాడు కొలతలకు నీళ్లిచ్చాడు, ప్రశ్నలకు జవాబులిచ్చాడు. ఫలితం వినే హక్కు వాడికి లేదా?

ప్రమాదం తర్వాత కాదు, ముందు రావాలి

మూడో మాట సమాజ శ్రేయస్సు. ఎలమంచిలి పక్కనే అచ్యుతాపురం సెజ్ ఉంది. మన ఇళ్లలో ఒకరో ఇద్దరో షిఫ్టు బస్సెక్కి అక్కడికి వెళుతున్నవాళ్లే. ఆ జీతం మన పొయ్యి వెలిగిస్తోంది, కాదనం. కానీ 2024 ఆగస్టు 21న అక్కడి ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. అంతకు ముందు 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఆర్.ఆర్. వెంకటాపురం మీద స్టైరీన్ ఆవిరి కమ్ముకుంది. నిద్రలో ఉన్న జనం ఏ దిక్కుకు పరుగెత్తాలో తెలియక రోడ్ల మీద పడిపోయారు. ఆ తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్ వేసిన కమిటీలో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు ఉన్నారు. కారణాలు పరిశీలించి నివేదిక ఇచ్చారు. మంచి పనే. మేము అడిగేది, ఆ జ్ఞానం ప్రమాదం జరగకముందు మా ఊరికి రావాలని.

రసాయన సాంకేతిక విద్య ఆ ప్రాంగణంలో 1930ల నాటి నుంచి ఉంది. ఏ కర్మాగారంలో ఏ రసాయనం వాడతారు, లీకైతే దాని వాసన ఎలా ఉంటుంది, గాలి ఏ వైపు వీస్తోందో చూసి దానికి అడ్డంగా ఎలా తప్పుకోవాలి, తడిగుడ్డ ముక్కుకు ఎందుకు కట్టుకోవాలి, ఎవరికి ఫోను చేయాలి అన్నవి చుట్టుపక్కల ఊళ్ల బడుల్లో ఏడాదికి రెండుసార్లు చెప్పడం పెద్ద ఖర్చు కాదు. జాతీయ సేవా పథకం 1969లో మొదలైంది. దాని కింద ఏటా ఏడు రోజుల శిబిరాలు జరుగుతున్నాయి. 2014లో వచ్చిన ఉన్నత్ భారత్ అభియాన్ కింద విద్యాసంస్థలు ఊళ్లను దత్తత తీసుకోవాలన్నారు. ఏడు రోజులు రోడ్లు ఊడ్చి, ఎనిమిదో రోజు బస్సెక్కితే ఊరికి మిగిలేది ఫ్లెక్సీ బ్యానరొక్కటే. ఊడ్చడం మన అమ్మలకు వచ్చు. ఊరికి రానిది పరీక్ష చేసి చెప్పడం. బోరు నీళ్లలో ఏముంది, ఈ దగ్గు ఎందుకు వస్తోంది, నష్టపరిహారం దరఖాస్తు ఎలా రాయాలి, ఉద్యోగికి ఇ.ఎస్.ఐ. ఎలా పనిచేస్తుంది. రసాయనశాస్త్రం, సోషల్ వర్కు, లా విద్యార్థులు నెలకొక ఆదివారం వచ్చి ఇవి చేస్తే ఊరికి విశ్వవిద్యాలయం అంటే ఏమిటో అర్థమవుతుంది. ఆ వచ్చిన అక్కను చూసి ఎనిమిదో తరగతి పిల్లకు తానూ వాల్తేరు వెళ్లాలన్న ఆలోచన పుడుతుంది. సమాజానికి మేలు చేయడం, అందరినీ కలుపుకోవడం రెండు పనులు కావు, ఒకే దారికి రెండు చివరలు.

మేము అడుగుతున్నవి, మేము చేయవలసినవి

శతాబ్ది జరుపుకున్న సంస్థను మేము గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. అడుగుతున్నవి ఇవి.

ఒకటి, ప్రతి కోర్సులో చేరినవాళ్లు ఎంతమంది, పూర్తి చేసినవాళ్లు ఎంతమంది, మధ్యలో వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు అన్నది వర్గాల వారీగా ఏటా తెలుగులో ప్రకటించాలి. రెండు, దూరప్రాంతపు పేద విద్యార్థికి, ముఖ్యంగా ఆడపిల్లకు, అడ్మిషను కాగితంతోపాటే హాస్టలు గది కాగితం ఇవ్వాలి. మూడు, స్కాలర్‌షిప్పు ఆలస్యమైతే ఆ విద్యార్థి మెస్సు ఆగకూడదు, హాల్ టికెట్టు ఆగకూడదు, సర్టిఫికెట్టు ఆగకూడదు. నాలుగు, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టరులో వంతెన తరగతులు పెట్టాలి, వివక్షపై ఫిర్యాదు తీసుకునే అధికారి పేరు, నంబరు ప్రతి హాస్టలు గోడ మీద రాయాలి. ఐదు, మన ప్రాంతం మీద జరిగిన పరిశోధన మన భాషలో మన ఊరికి చేరాలి.

అడగడంతో మన పని అయిపోదు. ఈ హాస్టల్లో అన్నం తిని ఎక్కడెక్కడో స్థిరపడ్డ అన్నలూ, అక్కలూ, ఈ సంచిక మీ చేతికి వస్తుంది. మీలో ఉపాధ్యాయులున్నారు, బ్యాంకుల్లో ఉన్నారు, ఉక్కు కర్మాగారంలో, ఓడరేవులో, పోలీసు శాఖలో ఉన్నారు. ఒక్కొక్కరూ ఈ ఏడాది పై చదువుకు వెళ్లే ఒక్క తమ్ముణ్ణి, ఒక్క చెల్లిని మీ పేరున రాసుకోండి. వాళ్లకు డబ్బు ఇవ్వమనడం లేదు. అడ్మిషను రోజున పక్కన నిలబడండి, దరఖాస్తులో తప్పు పోకుండా చూడండి, మొదటి మూడు నెలలు వారానికొకసారి ఫోను చేసి "అన్నం తిన్నావా, క్లాసు అర్థమవుతోందా" అని అడగండి. ట్రంకు పెట్టె సర్దుకునే రోజు ఒక్క ఫోనుతో ఆగిపోయిన సందర్భాలు మాకు తెలుసు. మన దగ్గర చేరిన స్కాలర్‌షిప్పు కాగితాల అనుభవం, కౌన్సెలింగ్ అనుభవం ఒక నోటు పుస్తకంలో రాసి హాస్టలు లైబ్రరీలో పెడదాం. వచ్చే బ్యాచి మనం పడ్డ గుంటలో మళ్లీ పడకూడదు.

ఇక ఇప్పుడు ఇక్కడ చదువుతున్న తమ్ముళ్లూ, మీరు చేయవలసిందీ ఉంది. వెనక బెంచీ మీది కాదు. పేరు అడిగితే గట్టిగా చెప్పండి, ఊరు అడిగితే పేటతో సహా చెప్పండి. తెలియనిది అడగడానికి సిగ్గుపడకండి, తెలియదన్నవాణ్ణి చూసి నవ్వకండి. స్నానానికి వదిలేసిన కుళాయి కట్టేయండి, కంచంలో అన్నం పారేయకండి. అది మన ఊళ్లో ఎవరో కోసి, నూర్చి, బస్తాకెత్తిన అన్నం.

వందేళ్ల క్రితం తెలుగువాళ్లు చదువు దగ్గరకు తెమ్మని అడిగితే విశ్వవిద్యాలయం వాల్తేరు దాకా వచ్చింది. మిగిలిన 60 కిలోమీటర్లు అది సగం నడవాలి, మనం సగం నడవాలి. ఈ హాస్టలు నుంచి ఇన్‌గేటులో అడుగుపెట్టే ప్రతి బిడ్డా పట్టా పట్టుకుని అవుట్‌గేటులోంచి నవ్వుతూ రావాలి. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ లెక్క అచ్చు వేద్దాం.

జై భీమ్.